గులాబీ చొక్కాల ముళ్లు

నొరీన్,

వైస్ ప్రిన్సిపాల్‌ని కలవడానికి బడికి వెళ్తున్నాను. టెస్సా పైన గదిలో ఉంది. నువ్వొచ్చేదాకా పక్కింటి ఆల్మా కింద కూర్చుంటుంది. తర్వాత దాన్ని ఒంటరిగా వదలకు. ఫోను మాత్రం లాక్కోకు. సెల్లు లాక్కుంటే చెల్లు అనుకుంటాం గానీ, లాక్కుంటామన్న భయంతోనే బళ్లో ఏడిపిస్తున్న సంగతి ఇన్నాళ్లూ మనకు చెప్పలేదట. అందులోవి ఏవీ చెరిపెయ్యకు, అవే మన సాక్ష్యం.

వేధింపులు వద్దంటూ బడంతా గులాబీ చొక్కాలు వేసుకునే రోజు కదా నిన్న? ఆ చొక్కాల్లోనే కొందరమ్మాయిలు, మన పిల్ల బాత్రూంలో దాక్కుని శాండ్‌విచ్ తింటుంటే ఫొటో తీసి క్లాసు గ్రూపులో పెట్టారు. కింద "నువ్వు లేకపోతే బడి ఎంత శుభ్రంగా ఉంటుందే!" అని రాశారు. దానికి బోలెడు లైకులు. లోకులు పలుగాకులైతే, ఈ లైకులు అంతకు మించిన కాకులు. గులాబీ తొడుక్కుని ముళ్లు గుచ్చారు.

పొయ్యి మీద టమాటా సూపుంది. వేడిచేసిచ్చి పక్కన కూర్చో. ప్రశ్నలు వెయ్యకు.

గ్లెన్

తా.క. పొద్దున "సూపు తాగితే చూపు బాగుంటుందమ్మా" అన్నాను. రోజూ "ఇక ఆపు నాన్నా!" అని తల పట్టుకునే పిల్ల, ఇవాళ మర్యాదగా నవ్వింది. నాకు భయమేస్తోంది నొరీన్. నేనొచ్చేసరికి అది నన్ను తిట్టేలా చూడు.