గొడుగుల షెడ్డులో పదమూడో బల్ల విషయమై

అయ్యా,

ముందుగా నా వంకర అక్షరాలను, తప్పులను మన్నించమని వేడుకుంటున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. అర్జీలు రాసిపెట్టే ఆయన దగ్గరకు వెళ్తే సంగతి పదిమందికీ తెలిసిపోతుంది. అందుకని నేనే రాస్తున్నాను.

విషయం: విదేశీ విద్యార్థుల అధ్యయన యాత్ర కారణముగా పని పోగొట్టుకున్న నా భర్తను తిరిగి పదమూడో బల్ల మీద కూర్చోబెట్టించమని కోరుట గురించి.

1. మా ఆయన ఈ షెడ్డులో పదకొండేళ్లుగా గొడుగు గుడ్డను ఊచలకు కుట్టే పని చేస్తూ వచ్చారు. పక్కనున్న పద్నాలుగో బల్ల నాది. గొడుగు చుట్టే పట్టీకి గుండీ కుట్టడం నా పని. మూడేళ్ల కిందట పెళ్లయిన నెలలోనే ఆయన నన్ను ఇక్కడ పెట్టించారు.

2. గత నెలలో షెడ్ల తనిఖీ అధికారిగా తమరు, సముద్రం అవతల వ్యాపార అర్థశాస్త్రం చదువుకునే పిల్లలను మా షెడ్డుకు తీసుకొచ్చారు. ఏ పనికి ఎంతసేపు పడుతుందో చూసి పాఠంగా రాసుకుంటారని చెప్పారు. “మీకేం కాదమ్మా, చదువుకునే పిల్లలు. అడిగింది దాచకుండా చెప్పండి” అని అందరి ముందూ అన్నారు. తమ మాట నమ్మాను.

3. నా బల్ల దగ్గరకు వచ్చిన అమ్మాయి చేతిలో గడియారం పెట్టుకుని భోజనాల వేళ దాకా నన్నే చూసింది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. తల ఎత్తలేదు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. వచ్చి నేల మీద కూర్చుంది. మూడు గొడుగులకోసారి నీ పని ఆపి ఏం చేస్తున్నావని దుబాసీ చేత అడిగించింది. ఈ మూడేళ్లలో నా పని గురించి నన్ను అడిగినవారు లేరు. చెప్పేశాను. మా ఆయనకు చూపు తగ్గిందని, సూదిబెజ్జం కనబడదని, నేను దారం ఎక్కించి మా ఇద్దరి మధ్య ఉన్న గుడ్డముద్దకు గుచ్చి పెడితే తడుముకుని తీసుకుంటారని, కుట్టు మాత్రం వేళ్లకే తెలుసని చెప్పాను. ఆ అమ్మాయి కళ్లు చెమర్చాయి. నా చెయ్యి పట్టుకుంది. తర్వాత రాసుకుంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు.

4. ఆ రాత పోయిన వారం నివేదికగా యజమానిగారికి చేరింది. పద్నాలుగో బల్ల మనిషికి రోజూ నలభై నిమిషాలు పదమూడో బల్ల కోసం వృథా అవుతున్నాయని అందులో ఉందట. మేస్త్రీ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మా ఆయనకు నివేదిక సంగతి తెలియదు. యజమానిగారు ఆయన బల్ల ముందు నిలబడి సూదీ దారం ఇచ్చి, “ఏదీ, ఎక్కించు” అన్నారు. ఆయన దారం కొస తడి చేసుకుని ప్రయత్నించారు. మళ్లీ ప్రయత్నించారు. మిషన్లన్నీ ఆగిపోయాయి. వెనకనుంచి ఎవరో, “బెజ్జం గుమ్మమంత చేయించాలండీ” అన్నారు. నేను లేవబోతే మేస్త్రీ కూర్చోమని సైగ చేశాడు. ఆయన ఎవరికీ గుచ్చుకోకుండా సూదిని గుడ్డముద్దకు గుచ్చి, “నాకు కనబడదయ్యా” అన్నారు. అంతే, ఆ రోజే పంపేశారు.

5. ఆయన కుట్టిన గొడుగు ఒక్కటీ ఊచ విడిచి తిరిగి రాలేదు. నివేదికలో ఆ మాట లేదు. ఎవరూ అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు.

కావున తమరు దయతో విచారించి ఆయన బల్ల ఆయనకు ఇప్పించగలరు. గంట కొట్టకముందే వచ్చి ఆ రోజుకు సరిపడా సూదులకు దారం ఎక్కించి పెడతాను. పని వేళల్లో పక్క బల్ల వైపు చెయ్యి చాపను. గడియారం పెట్టి చూసుకోవచ్చును. ఆర్డరు ఇస్తే తమంతట తామే తనిఖీ చేసి ఇచ్చినట్టు రాయించమని మనవి. నా ప్రస్తావన అందులో రాకూడదు.

ఈ పేదరాలి విన్నపం చిత్తగించవలెనని చేతులు జోడించి,

తమ విధేయురాలు,
పద్నాలుగో బల్ల

మరొక్క మాట. యజమానికి చెప్పిందెవరని మా ఆయన ఒక్కొక్కరినీ తలుచుకుంటున్నారు. చివరకు పన్నెండో బల్ల అన్నయ్యే అని తేల్చుకున్నారు. మా పెళ్లి కుదిర్చిన మనిషి అతను. మొన్న చూడ్డానికి వస్తే మా ఆయన తలుపు తియ్యొద్దన్నారు. అన్నయ్య బయట చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు. నేను గడియ మీద చెయ్యి వేసి కూడా తియ్యలేదు. నిన్న భోజనం పెడుతుంటే మా ఆయన, “అంతమందిలో నువ్వొక్కదానివేనే, నా గుట్టు కడుపులో దాచుకున్నది” అన్నారు. మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లిపోయాను. అయ్యా, పని ఇప్పించినా ఇప్పించకపోయినా, చదవడం అవగానే ఈ కాగితం కాల్చేయండి.