నీ కుండలో గంజి

అన్నా, నువ్వు పోయి ఏడాదైంది. మగ్గం మీద నీ పడుగులో నిలువు పోగులు ఎందుకు తెగేవి కావో తిరుత్తణి కాలేజీలో చదివే నీ కూతురు మొన్న చెప్పింది.

పడుగుకు పట్టించే బియ్యం గంజీ, పత్తి నూలూ రెండూ చక్కెర గొలుసులేనంట. ముక్కలు అతుక్కున్న తీరే వేరంట. అందుకే ఒకటి అన్నమైంది, ఒకటి గుడ్డైంది.

"మరీ ఎండితే గంజి పెళుసైపోతాది చిన్నాయనా. నాయన కాస్త చెమ్మ ఉండగానే పడుగు చుట్టేవాడు" అనింది.

నువ్వు గంజిలో ఏదో మందు కలుపుతావని, ఒకసారి నీ కుండలోనుంచి చెంబుడు దొంగిలించినా. దాన్నీ నా పడుగుకు పట్టించి, ఎండలో ఫెళఫెళమనేదాకా ఆరబెట్టి, పోగులన్నీ తెంపుకున్నా.

ఈసారి పాప చెప్పినట్టే చేసినా. ఈ పొద్దు మగ్గం మీంచి చీర కోసినా. ఒక్క పోగు తెగలేదు. వీధంతా వచ్చి చూసి, "అచ్చం పెద్దోడి పడుగే!" అనినారు.

ఈ ఒక్కటన్నా నాది కానీయవా అన్నా?