నట్టు మీద ఎర్రగీత

మంగళవారం పొద్దున,
మంచు ఇంకా విడలేదు.

అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. మోటార్‌సైకిల్‌కే ఒంట్లో బాగాలేదు. అక్కడ నువ్వూ, బావగారూ, బావగారి మోకాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నిన్న ఫోన్‌లో నన్ను కడిగిపారేశావు కదా. వస్తానని మూడుసార్లు చెప్పి మూడుసార్లూ ఎగ్గొట్టానని, నా కోసం వేసిన పక్క మీద మీ పిల్లి పడుకుంటోందని, అసలు నాకు రావాలని ఉందో లేదో తేల్చుకోమని. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఇలా రాస్తున్నాను. ఇవాళ మళ్ళీ బయల్దేరుతున్నాం. ఇది దారిలో పోస్టు డబ్బాలో వేస్తాను. ఉత్తరం కంటే నేనే ముందు చేరితే, అది వచ్చాక నేనే చదివి వినిపిస్తాను.

వర్క్‌షాపు మూసేశాక మా ఆయన ఎలా అయిపోయారో నీకు తెలుసు. ఇనుము చెక్కే లేతు మిషన్ మీద పని పోవడంతోనే మాటా పోయింది. అన్నం పెడితే ఊ, నీళ్ళిస్తే ఆ. ఇంట్లో నా కుట్టుమిషన్ తప్ప నోరున్నది ఇంకోటి లేదు. ఇలా బతకలేనని నీ దగ్గర ఏడిస్తే, వచ్చెయ్యవే, ఇక్కడే ఉండిపో, నీ మిషన్‌కి కిటికీ పక్కన చోటు కూడా చూశాను అన్నావు. వస్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ సంగతి ఆయనకు చెబితే, బస్సెందుకు, నేనే దింపుతాలే అన్నారు. ఎన్నో నెలల తర్వాత ఆయన నోటినుంచి పూర్తిగా వచ్చిన మాట అది. కాదనలేకపోయాను.

ఆ బండి మా పెళ్ళికంటే పాతది. గతుకుల్లో అదురుతూ పోతుంటే ఏదో ఒకటి ఊడుతూనే ఉంటుంది. అందుకే ఎక్కడికైనా వెళ్ళాలంటే ఆయన ముందురోజు సాయంత్రం నట్లన్నీ పానాతో బిగించి, బిగించినదాని మీదుగా నా గోళ్ళరంగుతో సన్నటి గీత గీస్తారు. సగం నట్టు మీద, సగం పక్కనున్న ఇనుము మీద. నట్టు ఏ కాస్త తిరిగినా గీత విరుగుతుంది. వర్క్‌షాపు నుంచి తెచ్చుకున్న అలవాటు. నా గోళ్ళకు రంగు లేకుండా పోయింది గానీ బండికి మాత్రం పెళ్ళికళ వచ్చింది.

ఇంత చేసినా మొదటిసారి రెల్లుపొదల దగ్గర చైను ఊడింది. దాని రెండు కొసల్నీ కలిపే చిన్న లాకు ఎక్కడో పడిపోయింది. నన్ను కల్వర్టు గోడ మీద కూర్చోమని, ఆయన వెతుక్కుంటూ వెనక్కి నడిచారు. మంచులో కొంచెం కొంచెంగా మాయమైపోయి, మళ్ళీ కొంచెం కొంచెంగా తేలారు. చేతిలో లాకు. నవ్వుతున్నారు అక్కా! పక్కన కూర్చుని చైను తుడుస్తూ చెప్పారు. నట్లు ఊరికే వదులవ్వవట, బండి నడిచి అదిరితేనే అవుతాయట. నిలబెట్టేసిన బండికి ఏళ్ళు గడిచినా నట్టు కదలదట, తుప్పు పట్టి ఇంకా బిగుసుకుపోతుందట. నేను అడక్కుండానే చెప్పారు. చైను వేసేసరికి పొద్దెక్కింది, ఇవాళ్టికి ఇంటికి పోదామా అన్నారు. సరేనన్నాను.

రెండోసారి కార్బొరేటర్ వదులై, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. చుట్టూ మైదానం, ఒక్క మనిషి లేడు. మేఘాల నీడలు నేల మీద తాపీగా నడిచి వెళ్తున్నాయి. ఒక నీడ మా మీదికి వచ్చి, కాసేపు ఉండి, వెళ్ళిపోయింది. అప్పుడు చెప్పారు, నిద్రలో ఇప్పటికీ లేతు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుందట. కళ్ళు తెరవగానే అది ఆగిపోతుందట. నోరు తెరిస్తే ఏడుపొస్తుందేమోనని మాట్లాడటం లేదట. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎండ వెచ్చగా ఉంది, కునుకు పట్టింది. లేచాక మేం ఎక్కడికి బయల్దేరామో కాసేపు గుర్తుకే రాలేదు.

మూడోసారి నా కాలికింద ఫుట్‌రెస్ట్ వేలాడింది. చినుకులు మొదలైతే బస్‌స్టాపు రేకుల కిందికి చేరాం. ఇది నీకు ఫోన్‌లో చెప్పలేదు. మీ ఊరి బస్సు వచ్చి మా ముందే ఆగింది. ఎక్కుతారా లేదా తేల్చండమ్మా అని కండక్టర్ విసుక్కున్నాడు. నేను సంచి వైపు చూశాను. ఆయనేమో తన చేతిలోని నట్టునే చూస్తున్నారు. ఎక్కలేదక్కా. బస్సు రాకముందే ఆయన వాళ్ళమ్మ చిన్నప్పటి కథ ఒకటి మొదలుపెట్టారు, అది సగంలో ఉంది.

ఆ డొక్కుబండిని తుక్కుకింద అమ్మెయ్యమని బావగారు అన్నారట. పాపం, అంత తీసిపారెయ్యొద్దని చెప్పు. బ్రేకుకి గానీ చక్రాలకి గానీ ఏనాడూ ఏమీ కాలేదు. ప్రాణం మీదికి తెచ్చేది ఒక్కటీ ఊడలేదు. దానికీ మా మీద కాస్త దయ ఉన్నట్టుంది.

నిన్న సాయంత్రం టార్చి నేనే పట్టుకున్నాను. ఒక్కో గీత మీదా వేలు పెట్టి చూపించారు. అన్నీ తిన్నగా ఉన్నాయి. ఈసారి తప్పకుండా చేరుస్తానన్నారు. కాబట్టి ఇవాళ వచ్చేస్తాను, మాటంటే మాటే. కానీ నీ దగ్గర దాపరికం ఎందుకు, ఆ గీతలు అంత తిన్నగా ఉండటం చూసి నాకు గుండె కలుక్కుమంది.

పిల్లిని పక్క మీంచి లేపి ఉంచు. బావగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ఉత్తరం మడిచి, సంచి కడదామని బండి దగ్గరకు వెళ్ళాను. సైలెన్సర్ నట్టు మీద గీత విరిగి ఉంది. నిన్న సాయంత్రం నుంచి బండి వసారా దాటలేదు. నడవని బండికి నట్టు వదులవ్వదని చెప్పింది ఆయనే. ఆయన స్నానం చేసి వచ్చి నిలబడ్డారు, చూపుడువేలికి నల్లగా గ్రీజు.

నేనేమీ చూడనట్టే లోపలికి వచ్చి, సంచిలో చీరలన్నీ తీసి బీరువాలో పెట్టేశాను. సంచి తేలిగ్గా ఉంటే పసిగట్టేస్తారని దుప్పటి కుక్కాను, ఎలాగూ పరుచుకుని కూర్చోవడానికి పనికొస్తుంది. ఫ్లాస్కులో ఇద్దరికీ టీ పోశాను.

ఆ పక్క పిల్లికే ఇచ్చెయ్ అక్కా. ఆయన హారన్ కొడుతున్నారు. వాళ్ళమ్మ కథ ఇంకా సగం మిగిలే ఉంది.