ముల్లు దించిన చేప

జూన్ 12
అక్వేరియంలో నీళ్ళు మార్చాను. మంగినపూడి నుంచి ఆటోలో మూడు క్యాన్లు సముద్రపు నీళ్ళు. మా ఆయన కుడిచెయ్యి ఇంకా క్యాను ఎత్తదు. రెండు వేళ్ళు మడతపడవు. ఉగాదికి ముందు వల దులుపుతుంటే ఆ చేతికే విషపు ముల్లు దించిందీ చేప. అచ్చం నాచు పట్టిన రాయి. పడవలో వాళ్ళు చంపబోతే, నొప్పితో మెలికలు తిరుగుతూనే వద్దన్నాడట. బకెట్లో ఇంటికి తెచ్చుకున్నాడు.

జూన్ 15
సముద్రంలో వేట నిషేధం అయిపోయింది. పడవలన్నీ బయల్దేరుతున్నాయి. ఈయన వెళ్ళే పడవ సూరిబావది. బావే గుమ్మందాకా వచ్చి పిలిచాడు. "ఎడంచేత్తో తాడు పట్టుకుంటే చాలు, రారా."
ఈయన చేప ముందు నుంచి లేవలేదు. "ఒంట్లో బాగోలేదని చెప్పు" — నాతో. బావ వింటుండగానే.

జూన్ 18
బందరు మార్కెట్లో చేపలమ్మి వచ్చేసరికి ఈయన మళ్ళీ అక్కడే కూర్చుని... దానికి మేత నేనే వెయ్యాలి. బతికున్న రొయ్యపిల్లే కావాలి, చచ్చింది ముట్టదు. రొయ్య దగ్గరికొచ్చేదాకా రాయే. ఆ తర్వాత రొయ్య ఉండదు. అది నోరు తెరవడం నేనింతవరకూ చూళ్ళేదు.

జూన్ 20
లావణ్య నీళ్ళలో చెయ్యి పెట్టబోయింది. కొట్టాను. ఏడేళ్ళ పిల్ల. "నాన్న ఆడుకోడుగా నాతో, దాంతోనే ఉంటాడుగా..."

జూన్ 21
మేత వెయ్యలేదు.

జూన్ 25
ఇవాళా వెయ్యలేదు. వేశావా అంటాడు. వేశానంటాను. అది కదిలితే కదా తెలిసేది. అది పోతే ఈ మనిషి లేచి పడవెక్కుతాడని నా ఆశ. రోజూ కత్తిపీట మీద ఎన్ని చేపలు కొయ్యను — ఎప్పుడూ ఇలా లేదు మనసు.

జూలై 1
అడిగేశాను. ఎందుకది మనకి?
నావైపు చూడకుండా — "వలలో ఏం కనపడ్డా చెయ్యి వెనక్కొచ్చేస్తదేమోనని... దీన్ని రోజూ చూస్తున్నా. రాయేదో, ఇదేదో. ఇప్పుడు కళ్ళు కనిపెడుతున్నాయి."
భయం. ఇన్నాళ్ళూ పగనుకున్నాను.

జూలై 2
చెరువు దగ్గరికెళ్ళి రొయ్యపిల్లలు తెచ్చాను. నాలుగు వేశాను. దాని మూతి ముందే తిరుగుతున్నాయి.

జూలై 4
తనే సూరిబావకి ఫోన్ చేశాడు. సోమవారం వస్తానని. నాతో — "నేనొచ్చేదాకా దాన్ని జాగ్రత్తగా చూడు. ఈసారి బాగా జరిగితే, మళ్ళీ వెళ్ళేటప్పుడు నేనే తీసుకెళ్ళి సముద్రంలో వదిలేస్తా."
తలూపాను.

జూలై 6
వెళ్ళాడు. పడవ కనపడినంతసేపూ ఒడ్డునే ఉన్నాను. నేను చేసింది చెప్పలేదు. చెబితే ఆగిపోయేవాడు.
ఇంటికొచ్చి చూశాను. నాలుగు రొయ్యలూ ఉన్నాయి. అద్దం మీద తట్టాను. కదల్లేదు. ఎప్పుడు కదిలింది కనక... చెయ్యి పెట్టి చూడాలంటే ధైర్యం లేదు. ఇంకో రెండు రొయ్యలు వేసి, ఎదురుగా కూర్చున్నాను.