బుడ్డల నూనె వాసన వేసిన రివాల్వర్

సెప్టెంబర్ 22

ఇందుమూలంగా ఈ ఇంట్లో నివసించు సమస్త ప్రాణులకు — భార్య రత్నమ్మకు, వాకిట్లో పడుకునే కుక్కకు, పిలవకుండా వచ్చి తిని పోయే బామ్మర్దికి — తెలియజేయడమేమనగా: నేటి నుండి బీరువా తలుపు మీద తడి తువ్వాలు ఆరేయరాదు. ఊరగాయ చేత్తో బీరువా పిడి ముట్టరాదు. టీవీ రిమోట్‌కు తొడిగిన ప్లాస్టిక్ కవరు, ఫ్రిజ్ తలుపు మీద కంపెనీవాళ్ళు అతికించిన కాగితం ఎప్పటిలాగే చింపరాదు. మీరిన వారికి పూటపూటా నా పాట వినిపించబడును.

కారణం — అది వచ్చేసింది. రివాల్వర్.

కర్నూలు దుకాణం నుంచి బేతంచెర్ల దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఊరి బయట ఇల్లు, ఇంటిని ఆనుకునే నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ, సందు దొరికితే మోటార్లు ఎత్తుకుపోయే దొంగలు... ఇవన్నీ అర్జీలో రాసి, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి లైసెన్స్. నల్లగా, చల్లగా, నూనె తడితో మెరుస్తోంది. అప్పుడే పుట్టిన దూడలాగా. తూటా ఎట్లా పెట్టాలో, ఎట్లా నొక్కాలో రత్నమ్మకు చూపించాను. చపాతీ పిండి పిసుకుతూ చూసింది.

"సరేలే, లోపల పెట్టుకో."

అంతే. దీపావళికి కాకరపువ్వొత్తి తప్ప ముట్టని మనిషి. ఆమెకేం తెలుస్తుంది దీని అందం.

సెప్టెంబర్ 25

బామ్మర్ది శేఖర్ వచ్చాడు. చెప్పులు విడవక ముందే మొదలు —

"బావా, ఒక్కటి. గుట్ట పక్కకు పోయి ఒక్కటంటే ఒక్కటి కాల్చొద్దాం."

కుదరదు.

"కాల్చకుంటే అది ఇస్త్రీపెట్టె కంటే కనాకష్టం బావా. అదన్నా చొక్కా రుద్దుతాది."

"నీ పెండ్లి కోటు బీరువాలో యాలాడుతాండాది గదరా. అది యేసుకోని చేన్లోకి పోతాండావా?"

పక్కింటి ఖాజా నవ్వాడు. చిన్నప్పటి నుంచీ నా పక్కనే ఉన్నవాడు, ఇప్పుడు నా ఫ్యాక్టరీలో రాయి కోసేదీ వాడే. అందుకే నోటికి అడ్డు లేదు.

"లారీ కొని ఇన్నేండ్లాయె, సీటు మింద ప్లాస్టిక్ తీసినాడా? ఎండాకాలం వీపంతా అతుక్కపోయినా తియ్యల్యా. ఈ మనిషి తుపాకి కాలుస్తాడా శేఖరూ?"

అననీ. ఒక్కసారి కాలిస్తే అది వాడిన తుపాకి. మళ్ళీ కొత్తది కాదు. ఫ్యాక్టరీలో పరీక్షకు ఒకటి కాల్చే పంపుతారట... అది నా లెక్కలోకి రాదు. నేను చూడలేదు.

అక్టోబర్ 1 — ఆయుధపూజ

గడ్డపారలు, సమ్మెటలు, కోత బ్లేడ్లు, లారీ. అన్నిటికీ పసుపు, కుంకుమ. రత్నమ్మ ఇనుప సామానంతా బుడ్డల నూనె గుడ్డతో తుడిచింది, ప్రతి ఏడూ తుడిచినట్టే. మా చేని వేరుశెనగలు ఆడించిన నూనె. ఫ్యాక్టరీ అంతా పోపు పెట్టినట్టు కమ్మటి వాసన. రివాల్వర్ దగ్గరకొచ్చి ఒక చేత్తో గుడ్డ, ఒక చేత్తో కుంకుమ పట్టుకుని నిలబడింది.

"దానికొద్దు."

"ఆయుధం గాదా అది?"

"డబ్బాకు పెట్టు బొట్టు."

పెట్టింది. పెడుతూ నా వైపు ఒక చూపు చూసింది. అట్టడబ్బాకు హారతి ఇప్పించిన మగాడు జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను.

అక్టోబర్ 5

కడపకు. రివాల్వర్‌కు తోలు కవరు కుట్టించాలి. అక్కకు తోడుగా పడుకోమని శేఖర్‌కు చెప్పాను.

అక్టోబర్ 7

కవరు అదిరింది. లోపల ఎర్రటి మెత్తటి గుడ్డ. కుట్టేవాడి ఎదురుగానే కూర్చుని కుట్టించాను. తెచ్చి చూపిస్తే రత్నమ్మ "ఆఁ?" అంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ "ఆఁ?"... మనసు ఎక్కడ పారేసుకుందో.

ఖాజా కూడా అదోలా ఉన్నాడు. ఎప్పటిలా వాడిని ఆటపట్టించడానికి దారి పొడుగునా తయారు చేసుకొచ్చిన అబద్ధం చెబితే నవ్వలేదు.

అక్టోబర్ 9

కొత్త కవరులో పెడదామని డబ్బా తీశాను.

వాసన.

తుపాకి నూనె వాసన కాదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పోపు వాసన. బుడ్డల నూనె! నా రివాల్వర్‌ను ఎవరో గడ్డపారను తుడిచినట్టు తుడిచారు.

తూటాల పెట్టె తెరిచాను. అన్నీ వరసగా, తలకిందులుగా, నేను పెట్టినట్టే. ఒకదాని అడుగున నట్టనడుమ చిన్న గుంట. పైకి తీశాను. తేలిక. ఖాళీ.

కాల్చారు.

నా ఇంట్లో, నేను లేనప్పుడు, నేను ఒక్కసారి కూడా కాల్చని దాన్ని.

అక్టోబర్ 10

శేఖరే. ఇంకెవరు? కాపలా ఉండమన్నవాడే. పూజ నూనె ఇంకా ఫ్యాక్టరీ గట్టు మీదే ఉంది, ఎవడైనా తీసుకోవచ్చు. రత్నమ్మను అడగలేదు — అడిగితే తమ్ముడి చెవిన వేస్తుంది.

కానీ ఖాజా? గోడకు గోడ. చప్పుడు వినపడలేదా? విని కూడా నాకు చెప్పలేదా? పొద్దున నా ఎదురుగా కూర్చుని ఉగ్గాని తిన్నాడు. మిరపకాయ బజ్జీ సగం తుంచి నాకిచ్చాడు. ఆ నోటితో ఒక్క మాట చెప్పలేకపోయాడు. బజ్జీ ఇచ్చే చెయ్యే వెన్నులో గునపం దించింది.

కలెక్టర్ మన వీధికే వస్తున్నాడని చెప్పి ఇదే ఖాజాతో గోడకు సున్నం కొట్టించినవాడిని నేను. టీ అంగడి ముందర బండకు రూపాయి అతికించి సగం ఊరిని వంగదీసినవాడిని. నన్నే ఏడిపించేంత వాళ్ళయ్యారా...

చూస్తాను.

అక్టోబర్ 11

వల వేశాను. టీ అంగడిలో ఇద్దరూ ఉన్నారు. ముఖం చావింటికి పోయినవాడిలా పెట్టుకుని చెప్పాను —

"కర్నూలు దుకాణమాయప్ప ఫోన్ జేసినాడు. ఈ రకం రివాల్వర్లో ఏందో తేడా ఉండాదంట. మొదటి తూటా కాల్చినోళ్ళకు కుడి చెవి మెల్లగా మూసుకపోతాదంట. ముందు గుయ్యిమంటాదంట. నేనెట్లా కాల్చల్యా, నాకేం భయం."

అంతా అబద్ధం. నా పనితనమే.

శేఖర్ పగలబడి నవ్వాడు. "నాకూ భయం ల్యా బావా. ముట్టనిస్తే గదా నువ్వు!" కుడి చెవి పట్టుకుని ఊపి చూపించాడు.

ఖాజా నవ్వలేదు. టీ సగంలో పెట్టి లేచాడు.

"యాడికి?"

"ఇంటికాడ పనుండాది."

దొరికావు. బామ్మర్ది కాదు, నువ్వా! ఇన్నేళ్ళుగా తమ్ముడి కంటే ఎక్కువ అనుకున్న నువ్వు.

అదే రోజు, పొద్దు గూకినాక

వాడి వెనకే పోయి గోడ పక్కన నక్కాను. ఖాజా బయటికి వచ్చాడు. వెనకాల వాడి భార్య మస్తాన్‌బీ, చేతిలో గిన్నె. వెల్లుల్లి వేసి కాచిన నూనె. చెవిలో పోసుకునే నూనె. ఇద్దరూ నా ఇంట్లోకే పోయారు.

వంటింటి గడప మీద రత్నమ్మ. తల ఎడమ భుజం మీదకు వాల్చి కూర్చుంది. మస్తాన్‌బీ ఆమె కుడి చెవిలో చుక్కలు వేస్తోంది.

"ఆ మనిషి మాటలు నమ్మగాకు వదినా" అంటున్నాడు ఖాజా. నమ్మి పరుగెత్తుకొచ్చినవాడే.

"నమ్మేదేముండాది ఖాజా. ఆ పొద్దు నుంచి గుయ్యిమంటానే ఉండాది గదా."

నేను లోపలికి పోయి ఆమె పక్కన నిలబడ్డాను. ముగ్గురూ చూశారు. "నీకేమన్నా అయిందా?" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. మిగతావన్నీ తర్వాతే అడిగాను.

అక్టోబర్ 12

ఆమె చెప్పింది, ఖాజా చెప్పింది కలిపి రాస్తున్నాను.

నేను కడపలో ఉన్నాను. చీకటి పడే వేళ. కరెంటు పోయింది. శేఖర్ పేకాటలో కూర్చుని అక్కను మరిచాడు. ఇద్దరు గోడ దూకారు. మోటార్ ఎత్తుకుని పోతారులే అనుకుంది. పోలేదు. ఇంటి వైపు వచ్చారు. ఖాజా పేరు పెట్టి అరిచింది. వాడు ఇంకా ఇల్లు చేరలేదు. వెనక తలుపు తన్నారు. గడియ ఊడొచ్చేలా ఉందట. బీరువా తీసింది. తూటా పెట్టింది. కిటికీ ఊచల సందులోంచి ఆకాశంలోకి...

చిన్న గది. ఆ చప్పుడంతా ఆమె చెవిలోనే పడింది. వాళ్ళు చెప్పులు కూడా వదిలేసి పారిపోయారు.

పిండి పిసుకుతూ చూసిన మనిషి.

ఆ తర్వాత ఖాజా వచ్చాడు, శేఖర్ వచ్చాడు. ఆమె చేత్తో కాల్చిందని బయటికి పొక్కితే నా పేరున ఉన్న లైసెన్స్ పోతుందని నోళ్ళు కట్టేసుకున్నారు. మసి కనపడకుండా రత్నమ్మ నూనె గుడ్డతో తుడిచింది. టీ అంగడివాడికి తెలుసట. పాలవాడికి తెలుసట. కుక్కకు తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుసు. నేను చెవి కథ చెప్పినప్పుడు అంగడిలో ఎంతమంది నన్ను చూసి లోపల నవ్వుకున్నారో.

ఖాజాను నిలదీశాను.

"అందరూ సరేరా. నువ్వు నాకెందుకు చెప్పల్యా?"

"వదినే వద్దనె."

"ఎందుకంట?"

గోరుతో గోడ గీరాడు. "చెప్తే నువ్వు మొదట ఏమడుగుతావో ఆయమ్మకు తెలుసప్పా."

ఇంక వాడితో మాట్లాడను. మొగుడికి చెప్పకూడని మాట పక్కింటివాడికి చెప్పుకుంది ఆమె. దాచిపెట్టాడు వాడు. నేను ఈ ఇంట్లో ఎవరిని?

అక్టోబర్ 13

కర్నూలు. చెవి డాక్టరు. లోపలి నరం దెబ్బతిందట. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఆ రోజే వచ్చి ఉంటే మేలుగా ఉండేదట... ఆ రోజు నేను ఎర్రగుడ్డ బేరమాడుతున్నాను.

బస్సులో ఆమెకు కుడి పక్క కూర్చుని నేను కల్పించిన కండక్టర్ మేనత్త కథ చెప్పాను. ఎప్పుడు చెప్పినా నవ్వుతుంది. ఈసారి కిటికీలోంచి రాళ్ళ గుట్టలు చూస్తూ కూర్చుంది.

అక్టోబర్ 14

ఆమె చారు చేసింది. నేను తిన్నాను.

అక్టోబర్ 15

శేఖర్ తల దించుకుని వచ్చాడు. కాసేపు బాగానే ఉన్నాడు. వెళ్ళేముందు —

"ఎట్లా ఒకసారి కాలె గదా బావా. ఇంక కొత్తది గాదు. ఇప్పుడన్నా గుట్ట కాడికి..."

దొంగలు వదిలేసిన చెప్పు తీసుకుని వెంటపడ్డాను. గేటు దాటేదాకా.

తుపాకి నూనెతో శుభ్రం చేద్దామని డబ్బా తీశాను. మళ్ళీ పెట్టేశాను. తోలు కవరు ఖాళీగానే ఉంది. అందులో పెట్టబుద్ధి కావడం లేదు.

అక్టోబర్ 16

వెనక పేజీలో ఒక అబద్ధం ఉంది. కొట్టేద్దామని పెన్ను పట్టుకుని, కొట్టేయలేక...

"నీకేమన్నా అయిందా" అని నేను అడగలేదు. అది మొత్తం కల్పించి రాశాను. ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట — "గీతేమన్నా పడిందా దానికి?"

ఖాజా తల దించుకున్నాడు. మస్తాన్‌బీ గిన్నె పట్టుకుని గోడ వైపు తిరిగింది. నేను నిలబడింది రత్నమ్మ కుడి పక్కన. ఆ చెవి నిండా నూనె. ముఖంలో ఏమీ కదలలేదు. విన్నదో లేదో తెలియదు.

తెలుసుకోవాలంటే ఆ మాట మళ్ళీ అనాలి.