ఎలుకల కోసం పుట్టిన విషం

జూన్ 11, మంగళవారం, సాయంత్రం 4

పొద్దున మేత సంచులు దులుపుతుంటే పాము కరిచింది. కుడి చెయ్యి, బొటనవేలి దగ్గర. ఎడమ చేత్తో రాస్తున్నాను, వంకరగా వస్తోంది.

మా చేపల చెరువు పట్టుబడి ఈరోజే. గట్టు నిండా జనం, ఐసు, లారీ. రక్తపింజరండీ, ఒంటి మీద గొలుసు మచ్చలున్నాయి, కుక్కర్‌లా బుస కొట్టింది అని ఆయనతో మెల్లగా చెప్పాను. మగవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. ఆయన నవ్వారు. చెరువుల మీద బతికేవాళ్ళని నీరుకట్టు పాము కరుస్తూనే ఉంటుంది, దానికి విషం లేదు, చెయ్యి కడుక్కుని పని చూడమన్నారు. అత్తయ్యగారు పసుపు అద్దారు.

"నీరుకట్టుకే ఇంత గోలైతే రేపు పురుడెలా పోసుకుంటావే?" అన్నారు. గట్టంతా నవ్వింది.

మోచేతి దాకా వాచింది. లారీ వెళ్ళాక ఆసుపత్రికట.

సాయంత్రం 6

ఉమ్మితే ఎర్రగా పడింది. లారీ ఇంకా నిండలేదు.

జూన్ 18, మంగళవారం

ఏలూరు ఆసుపత్రి. ఖాళీ ఐసు పెట్టెల మధ్య పడుకోబెట్టి వ్యాన్‌లో తెచ్చారు. ఎప్పుడు కరిచిందని డాక్టరుగారు అడిగితే ఆయన ఇప్పుడేనండీ అన్నారు. నా నోటినిండా రక్తం.

కిడ్నీలు దెబ్బతిన్నాయి. రెండుసార్లు డయాలసిస్ చేశారు.

జూన్ 20, గురువారం

ఇందుజ అని ఒకమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో పాముల విషం మీద రీసెర్చ్ చేస్తోందట. కరిచిన పాము గురించి నన్నే అడిగింది. నేను చెప్పినదంతా నమ్మింది. ఏడుపొచ్చింది.

"విషం మన కోసం పుట్టలేదండీ, దాని తిండి కోసం" అంది. మేత తవుడుకి ఎలుకలు, ఎలుకలకి పాము. మధ్యలో నా చెయ్యి. మనిషిని కరిస్తే పాముకి దండగేనట, మింగలేదు కదా. కొన్నిచోట్ల పాముకి తిండయ్యే జంతువులు తరతరాలుగా విషాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయట. అప్పుడు పాము విషం ఇంకా ముదురుతుందట. లక్షల ఏళ్ళుగా ఇదే పోటీ.

పెళ్ళయిన దగ్గర్నుంచి నేనూ తట్టుకోవడమే నేర్చుకున్నాను. వీళ్ళు ముదిరారు.

జూన్ 27, గురువారం

ఇంటికొచ్చాం. చూడ్డానికొచ్చిన వాళ్ళకి ఆయన కథ చెబుతున్నారు. పింజరని తనే ముందు గుర్తుపట్టారట, వెంటనే నన్నెత్తుకుని పరుగెత్తారట. ఇలాంటి మొగుడు దొరకడం నీ అదృష్టమే అంది పక్కింటి వీరరాఘవమ్మగారు. ఆవిడకి కాఫీ ఇచ్చాను.

జూన్ 30, ఆదివారం

బుధవారం రక్తపరీక్ష. కిడ్నీలు కోలుకుంటాయో లేదో అప్పుడు తెలుస్తుంది. చెరువులో చేపపిల్ల వదలాలి, పైవారం చూద్దాంలే అన్నారాయన. మేత సంచులు గుట్టపడ్డాయని అత్తయ్యగారు రెండుసార్లు వినిపించారు.

జూలై 3, బుధవారం

చెప్పకుండా ఏలూరు బస్సెక్కాను. రక్తం తీసే నర్సు, తోడెవరొచ్చారమ్మా అంది.

ఎవరూ లేరండీ అన్నాను. వరండాలో వాళ్ళంతా నా వైపు తిరిగేంత గట్టిగా.