బాపు ఏ రకం?

వరంగల్ హాస్టల్,
ఫిబ్రవరి 3

బాపూకు స్వరూప నమస్కారాలు.

ఫోను ఉండగా ఉత్తరమేంటని కంగారుపడకు. నా ఎం.ఏ. ప్రాజెక్టు పేరు ‘యువత దృష్టిలో తల్లిదండ్రుల పెంపకం’. ఇంటి నుంచి జవాబు చేతిరాతలోనే రావాలని మా మేడం నియమం. ఫోనులో అడిగితే నాన్నలందరూ "తిన్నవా" అని పెట్టేస్తారట.

పెంపకం నాలుగు రకాలు: హుకుం జారీ చేసేవాళ్ళు, మాట్లాడి నిర్ణయించేవాళ్ళు, గారాబం చేసేవాళ్ళు, అసలు పట్టించుకోనివాళ్ళు. నిన్ను మొదటి రకంలో వేశాను, అమ్మను మూడో రకంలో. ఇంటర్‌లో గోవా టూరుకు నువ్వు వద్దన్నావు. అమ్మ పక్కన కూర్చుని తల నిమిరింది. డిగ్రీలో డాన్సు క్లాసు వద్దన్నావు. అమ్మ జిలేబీ తెచ్చిపెట్టింది. నేను రాసింది సరైనదో కాదో రాయి.

నీ జవాబు కోసం చూస్తూ,
స్వరూప

తా.క.: దీనికి పదిహేను మార్కులు.

లాల్‌దర్వాజా,
ఫిబ్రవరి 8

బిడ్డ స్వరూపకు బాపు అంజన్న దీవెనలు.

నీ ఉత్తరం బస్సు డిపోల డానియేలన్నకు చూపించిన. ఇరవై ఏండ్ల సంది నాతోని ఇంజన్లు విప్పుతుండు, ఇంగ్లీషు గూడ వస్తది. రెండుసార్లు చదివి, గిది అంజన్న మీద పెట్టిన కంప్లైంటే అన్నడు. పదిహేను మార్కులంటే పదిహేను తప్పులు కావచ్చన్నడు. నాకు మస్తు ఫికరైంది. తారీఖు చెప్తే వచ్చి మీ మేడం ముందల నిలబడ్త. ఆధార్ కార్డు తేవాల్నా?

అందాంక రెండో రకం అయిత. నిన్నటి సంది ఇంట్ల ఏ పనైనా అందర్నీ అడిగే చేస్తున్న.

నీ మంచి కోరే
బాపు

తా.క.: కూర ఏందని ఓట్లు పెట్టిన. నేనూ, నీ చెల్లె మున్నీ బిర్యానీకి ఏసినం. మీ అమ్మ దేనికీ ఏయలే. బీరకాయ గెలిచింది.

వరంగల్,
ఫిబ్రవరి 12

బాపూకు,

అది కంప్లైంటు కాదు, చదువు. డానియేలు మామకు కూడా చెప్పు. నువ్వు మారనక్కర్లేదు. మారితే నా ప్రాజెక్టు తప్పవుతుంది.

ఇంకో సంగతి. చదువు అయిపోగానే కరీంనగర్‌లో ఒక స్కూలు ఉద్యోగం ఇస్తానంటోంది, పిల్లల బాధలు విని సలహా చెప్పే పని. నాకేమో ఇక్కడే ఉండి పీహెచ్‌డీ చెయ్యాలని ఆశ. నెలాఖరులోగా చెప్పాలి. ఏదో ఒకటి నువ్వు వద్దంటావని తెలుసు. ఏది వద్దంటావో తొందరగా రాస్తే పోట్లాడటానికి టైముంటుంది.

ఎప్పటిలాగే భయంతో,
స్వరూప

తా.క.: కారణం కూడా రాయి. ప్రాజెక్టు ఫారంలో దానికి వేరే గడి ఉంది.

లాల్‌దర్వాజా,
ఫిబ్రవరి 16

బిడ్డా,

మీటింగ్ పెట్టిన. ఏ పక్కకూ మొగ్గనోడని డానియేలన్నను గూడ పిలిచిన. మున్నీ కరీంనగర్ అన్నది, నౌకరైతే నువ్వు సెలవులకు గూడ రావు, నీ మంచం దానికొస్తదని. డానియేలన్న పీహెచ్‌డీ అన్నడు, నువ్వు డాక్టరైతే మోకాళ్ళు చూపిచ్చుకుంటడట. మీ అమ్మ పూలు కట్టుకుంట కూసున్నది. నేను రెండో రకం గనుక చెప్తున్న: నీ ఇష్టం బిడ్డా.

ఇట్లు, మారిన
బాపు

తా.క.: ‘నీ ఇష్టం’ అని నిమ్మళంగ రాసిన. కోపంతోని కాదు.

వరంగల్,
ఫిబ్రవరి 19

బాపూ,

‘నీ ఇష్టం’ చదివాక అన్నం సయించలేదు. మనింట్లో ఆ మాటకు అర్థం ‘కాళ్ళిరగ్గొడ్త’ కదా. నా గదిలో ఉండే విజయవాడ అమ్మాయి నీహారిక మాత్రం ఆ ఉత్తరం అడిగి తీసుకుని, వాళ్ళ నాన్నగారికి పంపుతానంది.

ఇన్నేళ్ళూ నువ్వు వద్దన్నావు, నేను ఏడ్చాను. ఏడుస్తుంటేనే నాకేం కావాలో తెలిసేది. ఇప్పుడు దేనికోసం ఏడవాలో తెలియడం లేదు. నువ్వు నాలుగో రకమైపోయావా? దయచేసి ఏదో ఒకటి వద్దను.

దిక్కుతోచని
స్వరూప

తా.క.: నీ పేరు నాలుగు గళ్ళలోనూ రాసి కొట్టేశాను. మేడం పెన్సిల్ ఇచ్చారు.

లాల్‌దర్వాజా,
ఫిబ్రవరి 22

బిడ్డా స్వరూపా,

ఇగ దాచలేను. గోవాకు వద్దన్నది నేను గాదు. నేనైతే బేగంబజార్ల నీకు బ్యాగు గూడ చూసొచ్చిన. పొద్దుగాల గుడిమల్కాపూర్ మార్కెట్ల అమ్మకానికి పూలు తెచ్చుకొని వచ్చి మీ అమ్మ, "పిల్లకు వద్దని చెప్పు. నేను చెప్తే నా మీద అలుగుతది" అనేది. సాయంత్రం డ్యూటీ దిగి నేను గట్టిగ చెప్పేటోణ్ణి. డాన్సుకూ గంతే. ఇరవై రెండేండ్లల నా అంతట నేను ఒక్కటి గూడ వద్దనలే. గొంతు ఒక్కటే నాది.

నువ్వు నన్ను హుకుం జారీ చేసేటోడని రాస్తే, నిజం చెప్తున్న, లోపల కొంచెం సంబరమైంది.

ఈసారి ఆమె నాకేం చెప్పలే. గందుకే నాకూ తెల్వలే. ఇది రాసుకుంట ఇప్పుడు నేనే అడిగిన. దారం తెంపి, "ఆ కాయిదం ఇటియ్యి" అన్నది.

ఏ రకమో తెల్వని
మీ బాపు

తా.క.: కరీంనగర్ పోకు. మంచిగ సదువుకో. ఎవ్వరన్న అడిగితే మా బాపు ఉద్యోగం వద్దన్నడని చెప్పు. ఆయనకు మంచిగనిపిస్తది. మీ అమ్మ, కాశమ్మ.